46 గ్రాములు

ఆ గంజాయి కవరును నేను దగ్గరగా చూసింది ఒక్కసారే, మెజిస్ట్రేటు ఎదుట నమూనా తీయడానికి లక్క సీలు పగలగొట్టినప్పుడు. కిరాణా కొట్లో పావుకిలో చక్కెర పోసిచ్చే పల్చటి కవరు, మూతికి ముడి. ముడి విప్పగానే తడిసి ఆరిన గడ్డివాము వాసన లాంటిది గదంతా పాకింది. లోపల పచ్చదనం పోయి గోధుమరంగుకు తిరిగిన పూత, నలిగిన ఆకు, అగ్గిపుల్లంత కాడలు నాలుగైదు, ధనియాలంత గింజలు. గింజల మీద బూడిదరంగు చారలు. 46 గ్రాములు అని కాగితం మీద ఉంది. కవరు బరువు తీసేసి రాశారా, కలిపి రాశారా అని అడిగాను. ఎవరూ జవాబు చెప్పలేదు.

నేను నల్గొండలో పద్దెనిమిదేళ్లుగా వకీలును. నా దగ్గరికి వచ్చేవి ఎక్కువగా గెట్టు తగాదాలు, చెక్కు బౌన్సులు, అన్నదమ్ముల భాగాల పంచాయితీలు. గంజాయి కేసులు నేను వెతుక్కున్నవి కావు, రోడ్డు తెచ్చిపెట్టినవి. ఆంధ్ర మన్యంలోని సీలేరు, చింతపల్లి కొండల్లో, అవతల ఒడిశాలోని మల్కన్‌గిరి వైపు పండిన సరుకు హైదరాబాదుకో మహారాష్ట్రకో చేరాలంటే మా విజయవాడ హైవే అందుబాటులో ఉన్న దారి. సూర్యాపేట, నకిరేకల్, నార్కట్‌పల్లి, చిట్యాల. ఈ పేర్లలో ఏదో ఒకటి లేని గంజాయి వార్త నెలకొకటైనా దొరకదు. 2021 అక్టోబరులో మా జిల్లా పోలీసులు నిందితుల కోసం లంబసింగి దాకా వెళ్తే అక్కడ దాడి జరిగి కాల్పులదాకా పోయింది. పండించే రైతులకు రైతుబంధు ఆపేస్తామని అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ప్రకటించిందీ ఆ నెలలోనే. పత్తి సాళ్ల మధ్య, కందిచేలో నాలుగు మొక్కలు పెట్టి దొరికిపోయినవాళ్ల సంగతులు పాలమూరు వైపు వకీలు మిత్రులు చెబుతుంటారు.

ఆ 46 గ్రాములతో దొరికిన కుర్రవాడిది మాత్రం హైవే కథ కాదు. పేరు చెప్పను, గుర్తుపట్టే వివరాలు మార్చాను. పందొమ్మిదేళ్లు, పాలిటెక్నిక్ చివరి సంవత్సరం. తండ్రి బత్తాయి లారీలకు లోడు ఎత్తే హమాలీ. చెరువుకట్ట మీద ముగ్గురు కూర్చుని ఉండగా పోలీసులు వచ్చారు. ఇద్దరు పరుగెత్తారు. వీడూ పరుగెత్తేవాడే, చెప్పు తెగింది.

ఒంటిమీద సోదా చేసే ముందు, గెజిటెడ్ అధికారి ఎదుటో మెజిస్ట్రేటు ఎదుటో సోదా చేయమని కోరే హక్కు నీకుందని నిందితుడికి చెప్పాలి. మాదకద్రవ్యాల చట్టంలో 50వ సెక్షను. పంచనామాలో ఆ వాక్యం ఉంది. ఎప్పుడూ ఉంటుంది, ఒకే పొందికతో, ఒకే అక్షరదోషంతో. నీకు ఆ మాట ఎవరైనా చెప్పారా అని అడిగితే వాడు కాసేపు ఆలోచించి, "చెప్పు చేత్తో పట్టుకోనిచ్చారు సార్" అన్నాడు.

వాళ్ల బస్తీలో అప్పుడే "తులసివనంలో గంజాయి మొక్క" అనేశారట. ఆ సామెతను ఇంత అక్షరాలా వాడుకునే అవకాశం వాళ్లకు మళ్లీ రాదు.

ఈ చట్టం 1985లో వచ్చింది. గంజాయి విషయంలో కిలో లోపు చిన్న పరిమాణం, 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం. వాణిజ్య పరిమాణమైతే పదేళ్లకు తగ్గని శిక్ష, ఇరవై ఏళ్ల దాకా పోవచ్చు, బెయిలు రావడమే గగనం. చిన్న పరిమాణమైతే గరిష్ఠంగా ఏడాది కఠిన జైలు, లేదా పదివేల దాకా జరిమానా, లేదా రెండూ. మావాడి 46 గ్రాములు కిలోలో ఇరవయ్యో వంతు కూడా కాదు. బెయిలు వచ్చేసింది. ఇక ఏముంది అనుకుంటారు చదివేవాళ్లు. ఉన్నదంతా బెయిలు తరువాతే. నేరారోపణలు చదివి వినిపించే వాయిదా వచ్చే నెలలో ఉంది. ఆ రోజు వాడు ఒప్పుకుంటున్నానో లేదో చెప్పాలి. ఒప్పుకుంటే బహుశా జరిమానాతో ఒక్కరోజులో తేలిపోతుంది, కానీ శిక్ష పడినట్టు రికార్డు మిగులుతుంది. ఒప్పుకోకపోతే రెండేళ్లో నాలుగేళ్లో వాయిదాలు.

ఈ కేసు చేతిలో ఉండగానే మా అక్క కొడుకు బ్రాంప్టన్ నుంచి ఫోను చేశాడు. కెనడా వెళ్లి ఆరేళ్లు. ఏదో మాటల్లో గంజాయి ప్రస్తావన వస్తే నవ్వాడు.

"మామా, ఇక్కడ మా ఇంటి సందు మలుపులోనే దుకాణం. గుర్తింపు కార్డు చూస్తారు, పందొమ్మిదేళ్లు నిండాలి, బిల్లు ఇస్తారు. మీరు ఇంకా 46 గ్రాములకు కోర్టుల చుట్టూ తిరుగుతున్నారా?"

వాడు తాగడు, అలవాటు లేదు. నాకోసమే కొలీగ్ దగ్గరున్న డబ్బా ఒకటి ఫోటో తీసి పంపాడు. పిల్లలు తెరవలేని మూత, ఎర్రటి హెచ్చరిక గుర్తు, ప్రభుత్వ సుంకం స్టాంపు, ప్యాక్ చేసిన తేదీ, మత్తునిచ్చే పదార్థం ఎంత శాతమో అంకెల్లో. నేను ఆ ఫోటోను పెద్దది చేసి చాలాసేపు చూశాను. నా బల్లమీద ఫోరెన్సిక్ ల్యాబు నివేదిక ఉంది. అందులో సారాంశం ఒక్క ముక్క: పరీక్షించిన నమూనా గంజాయి అని తేలింది. ఎంత గాఢతో ఉండదు. ఎంత పూత, ఎంత కాడ, ఎంత గింజ అనేదీ ఉండదు. అసలు మన చట్టం ప్రకారం గంజాయి అంటే మొక్క పూత, కాయ భాగాలు. పూతతో కలిసి లేని ఆకులూ గింజలూ గంజాయి కావు. అందుకే రాజస్థాన్‌లో, ఉత్తరప్రదేశ్‌లో ప్రభుత్వ లైసెన్సుతో భంగు దుకాణాలు నడుస్తున్నాయి. ఒకే మొక్క, ఆకు కోస్తే వ్యాపారం, పూత కోస్తే కేసు. ఆ "కలిసి" అన్న మాటకు అర్థం మీదే నా వంటివాళ్లు గంటలు వాదిస్తారు.

మేనల్లుడి వాదన చిన్నది, వినడానికి బలమైనది. తాగేవాడు ఎలాగూ తాగుతాడు, దొంగసరుకు బదులు పరీక్ష చేసిన సరుకు తాగితే మేలు, పన్ను కూడా వస్తుంది. కెనడా 2018 అక్టోబరు 17 నుంచి అదే చేస్తోంది. బయట 30 గ్రాముల దాకా దగ్గర ఉంచుకోవచ్చు. అమెరికాలో కొలరాడో 2014 జనవరి 1న దుకాణాలు తెరిచింది, ఇప్పుడు సరదా వాడకానికి 24 రాష్ట్రాలు ఒప్పుకున్నాయి. మన దగ్గర మాత్రం ఇది కొత్త చర్చ అనుకోకండి. 1893లో బ్రిటిషువాళ్లు ఒక కమిషన్ వేసి వెయ్యిమందికి పైగా సాక్షులను విచారించి, మితంగా వాడితే చెప్పుకోదగ్గ హాని లేదని, నిషేధం కన్నా పన్ను, అదుపు మేలని తేల్చారు. ఆ ఏడు సంపుటాల నివేదిక చివరికి అటకెక్కింది. ఐక్యరాజ్యసమితిలో 2020 డిసెంబరులో గంజాయిని అత్యంత ప్రమాదకర పదార్థాల జాబితా నుంచి తీసేయడానికి ఓటింగు జరిగితే 27 దేశాలు అవునన్నాయి, 25 కాదన్నాయి. అవునన్న వాటిలో మన దేశం ఉంది. అక్కడ చేయెత్తి వచ్చాం, ఇక్కడ చట్టంలో గంజాయి గురించి కామా కూడా మారలేదు.

ఇన్ని తెలిసినా నేను మేనల్లుడితో ఒప్పుకోలేకపోయాను. ఎందుకంటే నేను పాలమూరు వైపు మక్తల్ దగ్గర అమ్మమ్మ ఊళ్లో పెరిగాను.

మా ఊళ్లో కల్లు దుకాణానికి లైసెన్సు ఉండేది. బోర్డు ఉండేది. అప్పుడప్పుడు తనిఖీకి జీపు వచ్చేది. సరిపడా చెట్లు మాత్రం ఉండేవి కావు. ఊరి ఈతచెట్లన్నీ గీసినా మధ్యాహ్నానికి ఒక కుండ నిండదు, దుకాణంలో మాత్రం రాత్రి దాకా సీసాలు అయిపోయేవి కావు. నీళ్లు, చక్కెర లాంటివి, నురగకు ఏదో పొడి, మత్తుకు ఆల్ప్రాజోలం, డైజెపాం, క్లోరల్ హైడ్రేట్. డాక్టరు చీటీ రాసిస్తే తప్ప మందుల షాపులో ఇవ్వకూడని మందులు కూలీనాలీ జనం పొట్టల్లోకి రోజూ పోయాయి. మా చిన్నమ్మమ్మ సాయంత్రం రెండు సీసాలు తాగేది. కల్లు అనుకునే తాగేది. పొద్దంతా పత్తి ఏరి వచ్చిన నడుముకు అదే మందు.

2015 సెప్టెంబరులో తనిఖీలు గట్టిగా జరిగి మందు కలపడం ఒక్కసారిగా తగ్గింది. అలవాటైన ఒంటికి ఆ మందు ఒక్కసారిగా ఆగితే ఏమవుతుందో పాలమూరులో, నిజామాబాదులో ఆ వారం చూసినవాళ్లకు వివరించక్కరలేదు. నేను వెళ్లేసరికి చిన్నమ్మమ్మ అరుగు మీద కూర్చుని చీరె కొంగు మీద చీమలు ఏరుతోంది. చీమలు లేవు. ఒక్కొక్కటీ బొటనవేలు చూపుడువేలు మధ్య పట్టుకుని, జాగ్రత్తగా నేలమీద వదులుతోంది, చంపకుండా. నన్ను చూసి "కూర్చో బిడ్డా, కుడతాయి చూసుకో" అంది. పక్కింటాయన మెడ ఒక పక్కకు వంగిపోయి తిరగడం లేదు. ఊళ్లో ఎడ్లబండి కొయ్యకు తల కొట్టుకున్నవాడు ఒకడు, చేతికి దొరికినవాళ్లను కొరికినవాడు ఒకడు. జిల్లా ఆసుపత్రి వరండాలో మనుషులను మంచానికి గుడ్డలతో కట్టి ఉంచారు.

అందుకే "లైసెన్సు ఇస్తే సరుకు స్వచ్ఛంగా ఉంటుంది" అని ఎవరైనా అంటే నాకు ముందు ఆ చీమలు గుర్తొస్తాయి. మేనల్లుడు చూపిన డబ్బాను మంచిదిగా చేసింది దానిమీద ఉన్న స్టాంపు కాదు. ఆ స్టాంపు వెనక ప్రతి సరుకునూ పరీక్షించే ల్యాబు, అబద్ధం రాస్తే లైసెన్సు పోతుందన్న భయం, లంచానికి లొంగని తనిఖీ. అవి లేకుండా స్టాంపు ఒక్కటే తెచ్చుకుంటే మనకు మిగిలేది మరో కల్లు దుకాణం. పైగా అంత పకడ్బందీ ఉన్న కెనడాలోనే మిఠాయిల రూపంలో అమ్మకాలు అనుమతించాక, పొరపాటున తిని ఆసుపత్రిలో చేరిన చిన్నపిల్లల సంఖ్య పెరిగింది. మిఠాయిలు వద్దన్న క్విబెక్‌లో అంతగా పెరగలేదు. థాయిలాండ్ 2022 జూన్‌లో సరైన నిబంధనలు లేకుండా తలుపులు బార్లా తెరిచి, మూడేళ్లు తిరిగేసరికి డాక్టరు చీటీ ఉంటేనే అని మళ్లీ దగ్గరికి వేసింది. మన దగ్గర ఇప్పటికే కిరాణా కొట్లలో గంజాయి చాక్లెట్లు పట్టుబడుతున్నాయి. బడి పక్కన కొట్టులో ఏది లైసెన్సు చాక్లెట్టో ఏది కాదో ఎవరు చూస్తారు?

అయితే నిషేధం మేలా అంటే, నేను అదీ చూశాను. 1993 అక్టోబరులో సారా ఆగింది. 1995 జనవరిలో ఎన్టీ రామారావు సంపూర్ణ మద్యనిషేధం పెట్టారు. దూబగుంట మహిళలు మొదలుపెట్టిన పోరాటం అది, నాకు ఇప్పటికీ గౌరవం. కానీ మా అమ్మమ్మ ఊరికి కృష్ణ బ్రిడ్జి దూరం కాదు, అవతల కర్ణాటకలోని రాయచూరు. పాల క్యాన్లలో, స్కూటరు డిక్కీల్లో, ఒక పెళ్లి బృందం డోలులో కూడా సీసాలు దాటాయి. తండాల్లో నల్లబెల్లం ఉడికింది. 1997లో నిషేధం ఎత్తేశారు. ఆ రెండేళ్లలో మా ఊళ్లో జైలుకు పోయినవాళ్లందరూ కాలినడకన సరుకు మోసినవాళ్లే. జీపులో మోయించినవాడు తరువాత వైన్‌షాపు వేలంలో పాడుకున్నాడు.

గంజాయిలోనూ వరస అదే. హైవే మీద దొరికేది డ్రైవరు, క్లీనరు, ఐదువేలకు సంచి మోయడానికి ఒప్పుకున్న ఏజెన్సీ ఆదివాసీ. రెండేళ్లుగా బెయిలు రాక జైల్లో ఉన్న ఒకాయనకు తెలుగు సగమే వస్తుంది. సరుకు ఎవరిదో ఆయనకు నిజంగా తెలియదు. ఆయన గురించి మరోసారి రాస్తాను, ఇప్పుడు రాస్తే ఈ కుర్రవాడి సంగతి పక్కకు పోతుంది.

నా మాట ఇది. దుకాణం వద్దు, కనీసం కల్లు దుకాణాన్ని సరిగా నడిపి చూపించేదాకా వద్దు. జైలూ వద్దు, సొంత వాడకానికి జేబులో ఉంచుకున్నవాడికి. ఇదేమీ వింత కోరిక కాదు. జర్మనీ 2024 ఏప్రిల్ 1 నుంచి అటువంటి దారే పట్టింది. 25 గ్రాముల దాకా దగ్గర ఉంటే నేరం కాదు, ఇంట్లో మూడు మొక్కలు పెంచుకోవచ్చు, బజారులో దుకాణాలు మాత్రం లేవు. మన కేంద్ర సామాజిక న్యాయశాఖ కూడా 2021లో సొంత వాడకానికి ఉంచుకునే కొద్దిపాటి పరిమాణాన్ని నేరం కాకుండా చూడాలని సూచించింది. అదే శాఖ ఎయిమ్స్ చేత చేయించి 2019లో విడుదల చేసిన సర్వేలో, ఏడాదిలో ఒక్కసారైనా భంగు, గంజాయి, చరస్ వాడినవాళ్లు సుమారు 3.1 కోట్లమంది అని తేలింది. ఇంతమందినీ లోపల వేయాలంటే ఎన్ని జైళ్లు కావాలో లెక్క వేయండి. మద్యం తాగేవాళ్లు దానికి ఐదింతలు, వాళ్లకు మాత్రం ప్రభుత్వమే గోదాములు నడిపి సరఫరా చేస్తుంది.

గంజాయి మంచిదని నేను అనను. పదిహేడేళ్లకే మొదలుపెట్టి చెవుల్లో మాటలు వినబడుతున్నాయని పుస్తకాలు వదిలేసిన పిల్లవాడిని నా బంధువుల్లోనే చూశాను. ఆ ఇంట్లోవాళ్లు నన్ను అడిగింది డాక్టరు నంబరు. వకీలును కాదు.

ఇప్పుడు చట్టంలోని ఒక సంగతి చెప్పాలి. ఇది బయటివాళ్లకు అంతగా తెలియదు. గంజాయి పీల్చిన నేరానికి 27వ సెక్షను, ఆరు నెలల దాకా. ఆ సెక్షను కింద శిక్ష పడితే మంచి ప్రవర్తన హామీ మీద వదిలేసే వీలుంది. జేబులో ఉంచుకున్న నేరం 20వ సెక్షను. దానికింద శిక్ష పడితే పద్దెనిమిదేళ్లు నిండినవాడికి ఆ వీలు లేదు, 33వ సెక్షను తలుపు మూసేసింది. అంటే చెరువుకట్ట మీద మొత్తం పీల్చి అయిపోగొట్టినవాడికి వెసులుబాటు ఉంది, కాస్త మిగుల్చుకున్నవాడికి లేదు. మిగిలిన దారి 39వ సెక్షను. చిన్న పరిమాణం కేసుల్లో నిందితుడు మత్తుకు బానిస అయితే శిక్ష వేయకుండా చికిత్సకు పంపవచ్చు. మంచి సెక్షను, ఎవరో మనసున్నవాళ్లు రాశారు. కాని మావాడు బానిస కాదు. నాలుగుసార్లు పీల్చాడు, రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. నిజంగా జబ్బుపడి ఉంటే చట్టం చేయి పట్టుకునేది.

గత శనివారం తండ్రి వచ్చాడు. లోడింగు నుంచి నేరుగా వచ్చాడు, భుజం మీద తువ్వాలుకు బత్తాయి వాసన. ఫీజు బాకీ కోసం అనుకున్నాను. మూడు దారులూ మళ్లీ చెప్పమన్నాడు. చెప్పాను. ఒప్పుకోవడం, కొట్లాడటం, బానిస అని దరఖాస్తు పెట్టడం. మూడోదాని దగ్గర ఆగాడు.

"బానిస అని రాస్తే, ఆ కాగితం మీద నేను కూడా సంతకం పెట్టాలా సార్?"

అవసరం లేదు, డాక్టరు ధ్రువపత్రం కావాలి, అది అబద్ధం కాకూడదు అన్నాను.

"నేను పదిహేనేళ్లు కల్లు తాగిన. నన్ను ఎవరూ బానిస అని రాయలేదు" అన్నాడు. కోపంగా కాదు, లెక్క సరిచూసుకుంటున్నట్టుగా. తరువాత సంచిలోంచి నాలుగు బత్తాయిలు తీసి ఫైళ్ల పక్కన పెట్టాడు. ఒకటి దొర్లితే చేత్తో ఆపాడు.

కొడుకును తీసుకురమ్మన్నాను. సోమవారం సాయంత్రం, కోర్టు అయ్యాక. వాడి చేతనే చెప్పించాలి.